పెట్టెలో చీరలకు బదులు పాత పేపర్లు: డెలివరీ అబ్బాయిని కాదు, ముందు తూకం లెక్క అడగండి

ప్రశ్న: మాది ఉప్పాడ. మగ్గాల వాళ్ల దగ్గర జాందానీ చీరలు తీసుకుని, ఫోనులో ఫొటోలు పెట్టి అమ్ముకుంటాను. ఇదే నా జీవనాధారం. పోయిన నెలలో హైదరాబాద్ కూకట్‌పల్లిలోని ఒక కస్టమర్‌కి మూడు చీరలు, మొత్తం రూ.31,500 సరుకు, కొరియర్‌లో పంపాను. ఆమె పెట్టె విప్పితే పాత పేపర్లు, ఒక దుప్పటి ముక్క ఉన్నాయి. విప్పేటప్పుడు ఆమె వీడియో తీసింది. పెట్టె అడుగున ఉన్న టేపు నేను వేసింది కాదు. కొరియర్ వాళ్లు రసీదు వెనక నిబంధన చూపించి వంద రూపాయలు ఇస్తామంటున్నారు. చార్జీ పెరుగుతుందని నేను సరుకు విలువ వెయ్యి అని రాయించాను. ఆ తర్వాత ఫేస్‌బుక్ లైవ్‌లో ఒకామె ‘ఎవరూ తీసుకోని పార్సెళ్ల సరుకు’ అంటూ చూపించిన చీరల్లో నాది ఒకటి కనిపించింది. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు ఆ డెలివరీ అబ్బాయి ఇంటికి వెళ్లి నిలదీస్తానంటున్నాడు. ఆ చీర నేనే కొని సాక్ష్యంగా పెట్టుకోవచ్చా? పోలీసులు ఇలాంటివి పట్టించుకుంటారా?
– ఒక సోదరి, కాకినాడ జిల్లా

సమాధానం: అమ్మా, మిగతా అన్నిటికంటే ముందు మీ తమ్ముడిని ఆపండి. ఆ అబ్బాయి నిర్దోషి అని నేను చెప్పడం లేదు. దోషి అని మీ దగ్గర ఇంతవరకు ఒక్క ఆధారమూ లేదని చెబుతున్నాను. పార్సెల్ పోయినప్పుడు జనానికి కనిపించే ముఖం అతనొక్కడిదే, అందుకే నింద నేరుగా అతని మీదికి పోతుంది. చాలాచోట్ల పోయిన సరుకు ఖరీదును విచారణ లేకుండా అతని జీతంలోంచే కోసేస్తారు. మీ తమ్ముడు ఇంటి మీదికి వెళ్లి గొడవ చేస్తే అతను ఎదురు కేసు పెట్టగలడు. అసలు దొంగ వేరే ఉంటే, ఆ గొడవ సంగతి తెలిసి జాగ్రత్తపడతాడు.

మీ పెట్టె ఎన్ని చేతులు మారిందో ఒకసారి చూడండి. మీరు ఇచ్చిన కౌంటర్ నుంచి బ్రాంచికి, అక్కడి నుంచి పెద్ద హబ్‌కి, రాత్రి లారీలో హైదరాబాద్ శివారు గోదాముకి, పిన్‌కోడ్ వారీగా వేరు చేశాక కూకట్‌పల్లి డెలివరీ కేంద్రానికి, చివరికి ఆ అబ్బాయి సంచిలోకి. పెట్టె అడుగు కోసి, చీరలు తీసి, ఇంచుమించు అంతే బరువుండే చెత్త కూరి, మళ్లీ టేపు వేయాలంటే నాలుగు నిమిషాల ఏకాంతం కావాలి, కత్తీ టేపూ చేతిలో ఉండాలి, కూరడానికి ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి. దుప్పటి ముక్క దారిలో పోయేవాడి జేబులో ఉండదు. ఇది ముందే అనుకుని చేసిన పని. అలాంటి వీలు ఎక్కువగా ఉండేది రాత్రి వేళ సరుకు వేరుచేసే గోదాముల్లో, లారీ ఆగిన చోట, చిన్న బ్రాంచి వెనక గదిలో. డెలివరీ వాళ్లలో దొంగలు ఉండరని కాదు. సరుకు తీసేసుకుని ‘కస్టమర్ వద్దన్నారు’ అని డొల్ల పెట్టెను వెనక్కి పంపే మోసం వాళ్లు చేసేదే. కానీ మీ పెట్టె కస్టమర్ చేతికే చేరింది కాబట్టి, మీ విషయంలో జరిగింది అది కాదు.

మరి ఎక్కడ పోయిందో తెలిసేది ఎలా? తూకంతో. మీరు చాలా పార్సెళ్లు పంపుతారు కాబట్టి ఈ అనుభవం ఉండే ఉంటుంది: మీరు రాసిన బరువు కంటే హబ్‌లో ఎక్కువ వచ్చిందంటూ కొరియర్ సంస్థలు తర్వాత అదనపు చార్జీ వేస్తాయి. అంటే పెద్ద హబ్బుల్లో పెట్టెను తూస్తున్నారు, కొలుస్తున్నారు, చాలాచోట్ల ఫొటో కూడా తీస్తున్నారు. బరువు పెరిగితే డబ్బు అడగడానికి పనికొచ్చిన ఆ లెక్క, బరువు మారిందని మీరు అడిగినప్పుడు లేకుండా ఎలా పోతుంది? ఏ రెండు మజిలీల మధ్య బరువు మారిందో అక్కడే చీరలు పోయాయి. దొంగ ఎంత జాగ్రత్తగా చెత్త కూరినా యాభై, వంద గ్రాముల తేడా తప్పించుకోవడం కష్టం. బరువు సరిపోయినా, హబ్ ఫొటోలో పెట్టె అడుగున ఏ రంగు టేపు ఉందో కనిపిస్తే చాలు.

కాబట్టి కూకట్‌పల్లి కస్టమర్‌కి ఇవాళే ఫోను చేసి ఆ పెట్టె, టేపు, పేపర్లు, దుప్పటి ముక్క ఏదీ పారేయవద్దని చెప్పండి. దగ్గరలోని కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద అన్నీ కలిపి తూచి, అంకెలు కనిపించేలా వీడియో తీయమనండి. ఆ బరువును మీ బుకింగ్ రసీదు మీది బరువుతో పోల్చండి. ఆ పేపర్లు ఏ తేదీవి, ఏ ఊరి ఎడిషన్‌వి అన్నది కూడా చూడమనండి. కాకినాడ ఎడిషన్ అయితే ఒక దారి, హైదరాబాద్ ఎడిషన్ అయితే మరో దారి.

తర్వాత కొరియర్ సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో ఒక లేఖ పంపండి. ఫోనులో మాట్లాడటం వల్ల ఏమీ మిగలదు. లేఖలో డబ్బు అడగడంతో ఆగవద్దు. ఈ నంబరు పార్సెల్‌ను ఏయే చోట్ల ఏ సమయాన స్కాన్ చేశారు, ఎంత బరువు వచ్చింది, ఫొటోలు ఏవి, ఆ సమయంలో డ్యూటీలో ఎవరున్నారు అన్న వివరాలు ఇవ్వమని, సీసీ కెమెరాల రికార్డును చెరిపేయకుండా భద్రపరచమని రాయండి. ఆ రికార్డులు కొద్ది వారాలకు వాటంతట అవే చెరిగిపోతుంటాయి. ఇప్పటికే నెల గడిచింది, అందుకే తొందర పెడుతున్నాను. ఒకవేళ చెరిగిపోయినా మీ లేఖ వృథా కాదు. అడిగిన తర్వాత కూడా ఎందుకు భద్రపరచలేదన్న ప్రశ్నకు సంస్థే సమాధానం చెప్పుకోవాలి.

ఇక ఆ ఫేస్‌బుక్ చీర సంగతి. దొంగిలించినవాడికి కావలసింది ఆ రోజే చేతికందే నగదు. అందుకని అసలు ఖరీదులో చిన్న వంతుకే మొదటి చేతికి ఇచ్చేస్తాడు. ఆ మొదటి చేయి సరుకును చూస్తుంది. ఫోను అయితే ఒక దారి. 2023 మేలో దేశమంతటా అందుబాటులోకి వచ్చిన కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో, ప్రతి ఫోనుకూ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరుతో దాన్ని నిలిపేయవచ్చు కాబట్టి, దొంగ ఫోను ఇప్పుడు విడిభాగాలుగా విడిపోతోంది, లేదా సరిహద్దు దాటుతోంది. దొంగ ఫోన్లను సూడాన్‌కు తరలిస్తున్న ముఠాను 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. చీరకు అలాంటి నంబరు లేదు. అది దేశం దాటనక్కరలేదు, పక్క పేటలోనే అమ్ముడుపోతుంది. ఆన్‌లైన్ సంస్థలు కస్టమర్లు తిప్పి పంపిన సరుకును లాట్లుగా, అంటే గుత్తగా, బిల్లుతో సహా అమ్మేయడం మామూలు, చట్టబద్ధమైన వ్యాపారం. దొంగ సరుకు దాక్కునేది సరిగ్గా ఆ లాట్లలోనే. పది మంచి చీరల మధ్య ఒక దొంగ చీర పెడితే అడిగేవాళ్లు ఉండరు. రెండో చేయి, మూడో చేయి మారేసరికి లైవ్‌లో చూపించే ఆమెకు దాని పుట్టుక నిజంగానే తెలియకపోవచ్చు.

కానీ ‘ఎవరూ తీసుకోని పార్సెళ్లు’ అన్న మాటను మాత్రం నమ్మకండి. పెట్టె మీద పంపినవారి చిరునామా ఉన్నప్పుడు, అందుకునేవారు తీసుకోకపోతే అది మీ దగ్గరికే తిరిగి రావాలి. తపాలా శాఖలో చిరునామా చెరిగిపోయిన వాటికోసం ప్రత్యేకంగా కార్యాలయాలే ఉన్నాయి. ఎవరిదో తెలుసుకోవడానికి అక్కడ విప్పి చూస్తారు. (అందుకే ఇకపై ప్రతి పార్సెల్ లోపల కూడా రెండు చిరునామాలూ రాసిన కాగితం ఒకటి పెట్టండి.) ఏ సంస్థ గోదాములోంచైనా పార్సెళ్లు ‘లాట్’గా బయటికి వచ్చాయంటే దానికి కాగితం ఉండాలి. ఆ కాగితం చూపించమని అడగవలసింది పోలీసులు.

ఆ చీరను మీరు కొనవద్దు. ‘ఇది నాదే’ అని ఆ లైవ్ కింద వ్యాఖ్య కూడా పెట్టవద్దు. మీరు అనుమానించారని తెలిసిన గంటలో వీడియో పోతుంది, ఖాతా పోతుంది, మిగతా రెండు చీరలూ పోతాయి. మీ దగ్గరికి వచ్చిన చీర మీ చీరేనని, అది ఆమె చేతి నుంచే వచ్చిందని తర్వాత రుజువు చేయడం మీకే తలనొప్పి. కొనుగోలుదారు వేషం అవసరమైతే అది పోలీసులు తమ సమక్షంలో చేయిస్తారు. మీరు చేయవలసింది ఆ వీడియోను పూర్తిగా రికార్డు చేసుకోవడం. ఖాతా లింకు, తేదీ, సమయం, ఆమె చెప్పిన ఫోను నంబరు, డబ్బు పంపమన్న నంబరు అన్నీ కనిపించాలి. రికార్డు చేసిన ఫోనును మార్చకండి, ఫార్మాట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ కింద డిజిటల్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి, దానికి అసలు పరికరం మీ దగ్గర ఉండటం ఎంతో మేలు.

‘మీ చీరే అని ఎలా చెప్పగలరు, అలాంటివి వంద ఉంటాయి’ అని తప్పకుండా అడుగుతారు. ఇక్కడ జాందానీయే మీకు అండ. మిల్లు చీర అయితే నిజంగానే వంద ఉంటాయి. జాందానీలో పువ్వును మగ్గం మీద చేత్తో పోగు పోగుగా ఎక్కిస్తారు. పువ్వుకూ పువ్వుకూ మధ్య దూరం, పల్లూలో రంగు మారిన చోటు, అంచులో ఎక్కడో పడ్డ చిన్న తేడా నేసినవారికి కంటితో చూడగానే తెలుస్తాయి. మీరు అమ్మకానికి తీసిన ఫొటోలను ఆ వీడియోలోని బొమ్మ పక్కన పెట్టి, తేడా లేని గుర్తులు నాలుగైదు రాసుకోండి. నేసినవారి చేత వాంగ్మూలం ఇప్పించండి. డిజైన్ కాగితం ఉంటే అదీ ఇవ్వండి. పట్టు చీరకు, అది అసలు పట్టేనని తెలిపే సిల్క్ మార్క్ చీటీ ఉంటే దాని మీద విడి నంబరు ఉంటుంది. ఆ నంబరు రాసిపెట్టుకునే అలవాటు ఇప్పటివరకు లేకపోతే రేపటి పార్సెల్ నుంచి మొదలుపెట్టండి.

పోలీసులు పట్టించుకుంటారా అన్నారు. స్టేషన్‌లో మొదట వినిపించే మాట ‘ఇది కొరియర్ వాళ్లకూ మీకూ మధ్య సివిల్ వ్యవహారం’ అని. తర్వాతి మాట ‘ఎక్కడ పోయిందో తెలియనప్పుడు మా పరిధి ఎలా అవుతుంది’ అని. రెండూ నిలబడవు. నమ్మి అప్పగించిన సరుకును రవాణాదారు కాజేస్తే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 316(3) కింద, ఉద్యోగి కాజేస్తే 316(4) కింద ఏడేళ్ల వరకు జైలు. ఉద్యోగి యజమాని స్వాధీనంలోని సొత్తు దొంగిలిస్తే 306 కింద కూడా ఏడేళ్లు. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి కూడా దురుద్దేశంతో తీసుకుంటే 317(2) కింద మూడేళ్లు. అదే అలవాటుగా వ్యాపారం చేసేవాళ్లకు 317(4) కింద యావజ్జీవం వరకు ఉంది. ‘తగిన కారణం’ అన్న మాట గుర్తుంచుకోండి. మగ్గం ధరలో సగానికి, బిల్లు లేకుండా వచ్చిన కొత్త చీర ఎక్కడిదని అడగకుండా కొన్నవారు నాకేమీ తెలియదనడం అంత తేలిక కాదు.

పరిధి గురించి: ప్రయాణంలో జరిగిన నేరాన్ని ఆ సరుకు దాటివెళ్లిన ఏ ప్రాంతపు కోర్టైనా విచారించవచ్చు. పైగా పోలీసు, కోర్టు విధానాలను చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దానినే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఫిర్యాదు పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. అయినా తీసుకోకపోతే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది. ఫిర్యాదులో ‘గుర్తు తెలియని కొరియర్ సిబ్బంది’ అనే రాయండి. ఆ అబ్బాయి పేరు నిందితుడిగా రాయవద్దు, డెలివరీ చేసిన వ్యక్తిగా మాత్రమే రాయండి. విలువ వెయ్యి అని రాయించిన సంగతి కూడా మీరే ముందుగా, ఎందుకు రాయించారో చెప్పి, రాసేయండి. ఎదుటివారు బయటపెడితే అది మీ మాట మీద నమ్మకం పోగొడుతుంది. నేసినవారికి మీరు చెల్లించిన డబ్బు, కస్టమర్ మీకు పంపిన డబ్బు బ్యాంకు లెక్కలో ఉంటాయి. చీరల అసలు ఖరీదుకు అవే రుజువు.

చీరలు దొరికితే కేసు తేలేదాకా స్టేషన్ మూలన పడి ఉండాలేమోనని భయపడకండి. పూచీకత్తు మీద తాత్కాలికంగా మీకు అప్పగించమని కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈలోగా ఎవరైనా అమాయకంగా కొనుక్కుని ఉంటే? అమ్మినవారికి లేని హక్కు కొన్నవారికి రాదు, 1930 నాటి సరుకుల విక్రయ చట్టం చెప్పేది అదే. కొన్నవారు తమ డబ్బును తమకు అమ్మినవారి దగ్గర రాబట్టుకోవాలి.

వంద రూపాయల విషయంలో మాత్రం మీకు తీపి మాటలు చెప్పను. రసీదు మీది పరిమితికి బలం ఉంది. భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో 1996లో సుప్రీంకోర్టు, సంతకం చేసిన కొరియర్ పత్రం మీద రాసి ఉన్న 100 డాలర్ల పరిమితికే పరిహారాన్ని కట్టడి చేయడం సరైనదేనని తేల్చింది. కొరియర్ సంస్థలు అప్పటి నుంచి ఆ తీర్పునే చూపిస్తున్నాయి. మీరు చూడవలసిన తేడాలు రెండు. ఆ నిబంధన ఉన్న కాగితం మీద మీరు సంతకం చేశారా, లేక చిన్న అక్షరాల రసీదు చేతిలో పెట్టి పంపేశారా? రెండోది, ఇది ఆలస్యమో పొరపాటో కాదు, సిబ్బంది చేసిన నేరం అన్నది మీ వాదన. రోడ్డు మార్గంలో సరుకు రవాణాకు 2007లో వచ్చిన చట్టం, రవాణాదారు సిబ్బంది నేరం వల్ల జరిగిన నష్టానికి రవాణాదారుదే బాధ్యత అంటోంది. అయితే ఆ చట్టం కింద దావా వేయాలంటే, బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు నష్టం గురించి రాతపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలి. మీరు కొరియర్‌కి పంపే లేఖలోనే ఆ మాట చేర్చండి. ‘రాజీ’ కాగితం మీద సంతకం పెట్టి ఆ వంద తీసుకోవద్దు.

వినియోగదారుల కమిషన్‌కి వెళితే ‘మీరు వ్యాపారులు, వినియోగదారు కారు’ అని వాదిస్తారు. 2019 చట్టం వాణిజ్య అవసరాలను మినహాయించినా, స్వయం ఉపాధితో కేవలం బతుకుతెరువు కోసం చేసుకునేవారిని అందులోంచి వేరు చేసింది. మీరు ఆ కోవలోకి వస్తారని వాదించవచ్చు, ఫిర్యాదులో ఆ సంగతి స్పష్టంగా రాయండి. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, హైదరాబాద్ తిరగనక్కరలేదు. మీ మొత్తానికి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ముందుగా 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ సంస్థతో మాట్లాడుతుంది. కొన్ని సంస్థలు ఆ దశలోనే దిగివస్తాయి.

ఇకపై తపాలాలో పంపితే మేలా అని చాలామంది అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. 1898 నాటి పాత చట్టంలో తపాలా వస్తువును దొంగిలించిన ఉద్యోగికి ఏడేళ్ల శిక్ష విధించే 52వ సెక్షన్ ఉండేది. 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త తపాలా చట్టంలో అలాంటి సెక్షన్ లేదు, ఇప్పుడు న్యాయ సంహితే దిక్కు. ప్రభుత్వోద్యోగి నమ్మకద్రోహం కాబట్టి 316(5) కింద శిక్ష ఇంకా పెద్దదే. అయినా మామూలు స్పీడ్ పోస్టు పోతే వచ్చేది కట్టిన చార్జీకి రెట్టింపు లేదా వెయ్యి రూపాయలు, ఏది తక్కువైతే అది. ఖరీదైన చీరకు బీమా చేయించి తీరాలి, లక్ష రూపాయల వరకు చేస్తారు. 2025 అక్టోబరు నుంచి ఐదు రూపాయలు, దాని మీద జీఎస్టీ కడితే ఓటీపీ చెప్పాకే డెలివరీ చేసే సౌకర్యం కూడా ఉంది. ఓటీపీ వల్ల పెట్టె సరైన మనిషికి చేరుతుంది, పెట్టెలో ఏముందన్న పూచీ దానికి లేదు. తపాలాలోనైనా కొరియర్‌లోనైనా విలువ నిజంగా ఎంతో అంతే రాయండి, బీమా ఖర్చును చీర ధరలో కలపండి. పెట్టె మీద మీ దుకాణం పేరు, ‘ఉప్పాడ పట్టు’ అన్న ముద్ర ఉంటే తీసేయండి. దొంగకు అది ఆహ్వానపత్రం. సాదా పెట్టె, అతుకుల మీద అడ్డంగా మీ సంతకం, దాని మీద పారదర్శకమైన టేపు, కాటా మీద ఉంచి నాలుగు వైపులా ఫొటో: ఈ కొద్దిపాటి పని మీకు రేపటి సాక్ష్యం.

మీ కస్టమర్ గురించి మీరు అడగలేదు, కానీ ఆమెను మీరు జాగ్రత్తగా చూసుకోవాలి. కొరియర్ సంస్థ తర్వాతి ఎత్తు ‘చీరలు ఆమే తీసుకుని అబద్ధమాడుతోంది’ అనడమే. ఆమె తీసిన వీడియో, ఆమె దాచిన పెట్టె, ఆమె ఇచ్చే వాంగ్మూలం మీ కేసుకు వెన్నెముక. పరిహారం వచ్చాక ఇస్తానని ఆమె డబ్బును ఆపవద్దు. ఒకేసారి ఇవ్వలేకపోతే ఎన్ని వాయిదాల్లో ఇవ్వగలరో తేదీలతో రాసి పంపండి, లేదా నచ్చిన చీర నేయించి ఇస్తానని అడగండి. మొదటి వాయిదా ఈ వారమే పంపి, ఆ రసీదును కూడా నష్టం లెక్కలో చేర్చండి.